పెద్ద గెలాక్సీలో ఎక్కువ నక్షత్రాలు పుడతాయి, ఇందులో కొత్తేముంది?

ఉదయసముద్రం_గట్టు
నల్లగొండలో ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదువుతున్నాను. సెమినార్‌కి నాకు వచ్చిన టాపిక్ ఇది: దూరపు గెలాక్సీల్లో నక్షత్రాలు పుట్టే వేగానికీ, ఆ గెలాక్సీలో అప్పటికే ఉన్న నక్షత్రాల మొత్తం ద్రవ్యరాశికీ సంబంధం. పేపర్లు కొన్ని డౌన్‌లోడ్ చేసి చదివాను. అందరూ ఒకే గ్రాఫ్ గీస్తున్నారు. అడ్డంగా ద్రవ్యరాశి, నిలువుగా ఏటా ఎన్ని సూర్యుల బరువు గ్యాస్ నక్షత్రాలుగా మారుతోందో ఆ లెక్క. పాయింట్లన్నీ ఏటవాలు గీత ఒకదాని చుట్టూ పడతాయి, దాన్ని మెయిన్ సీక్వెన్స్ అంటారట. పెద్ద గెలాక్సీలో గ్యాస్ ఎక్కువ ఉంటుంది, కాబట్టి నక్షత్రాలూ ఎక్కువ పుడతాయి, ఇందులో కనిపెట్టింది ఏముంది? దీని మీద ఇన్నేళ్ళుగా ఇంతమంది ఎందుకు పనిచేస్తున్నారు? సెమినార్‌లో ఎవరైనా లేచి ఇదే అడిగితే ఏం చెప్పాలా అని టెన్షన్‌గా ఉంది.

గద్వాల_కోట
నాకూ ఇదే డౌటు. ఎవరైనా చెప్తారేమో చూస్తున్నా.

నల్లమల_చీకటి
"పెద్దదైతే ఎక్కువ" అన్న మాట దగ్గరే ఆగు తమ్మీ. ఆండ్రోమెడాను చూడు. పాలపుంతలో ఉన్న నక్షత్రాల బరువు సుమారు 5 వేల కోట్ల సూర్యులంత. ఆండ్రోమెడాలో అంతకన్నా ఎక్కువే. మన దగ్గర ఏటా ఒకటి రెండు సూర్యులంత కొత్త నక్షత్రాలు పుడుతుంటే అక్కడ ఏడాదికి ఒక సూర్యుడి బరువు కూడా నిండట్లేదు. ఇంకా పెద్దది కావాలంటే కన్యారాశి వైపు ఎం87 ఉంది, అందులో పుట్టుక దాదాపు ఆగిపోయింది. ఇటు సప్తర్షి మండలం దగ్గర ఎం82 పాలపుంతకన్నా బాగా చిన్నది, 1.2 కోట్ల కాంతి సంవత్సరాల దూరం, అందులో ఏటా 10 సూర్యుల దాకా పుడుతున్నాయి. మార్చి, ఏప్రిల్ నెలల్లో మన్ననూరు దగ్గర వీధిలైట్లు లేని చోట చిన్న టెలిస్కోపు పెడితే సన్నని పొగ గీతలా కనిపిస్తుంది, పక్కనే ఎం81 గుండ్రంగా. ఒకసారి వచ్చి చూడు, గ్రాఫ్ వేరేలా అర్థమవుతుంది.

ఉదయసముద్రం_గట్టు
అన్నా, అట్లయితే ఇంకా తికమకగా ఉంది. ఆండ్రోమెడా, ఎం87, ఎం82 మూడూ గీత మీద లేవన్నమాట. మరి గీత ఎక్కడిది?

దేవరకొండ_మాస్టారు
మంచి ప్రశ్న, కొంచెం వివరంగా రాస్తాను.

గెలాక్సీలు రెండు గుంపులు. ఒకటి ఇంకా నక్షత్రాలు పుట్టిస్తున్నవి, నీలంగా, పళ్ళెంలా ఉండేవి ఎక్కువ. రెండోది పని ఆపేసినవి, ఎర్రగా, ముద్దగా ఉండేవి. గీత మొదటి గుంపుది. ఎం87 రెండో గుంపు. ఆండ్రోమెడా ఒకదాన్నుంచి రెండోదానికి జారుతున్న దశలో ఉంది, మన పాలపుంత కూడా కొంత అదే దారిలో ఉందని చాలామంది అంటారు. ఎం82 పక్కనున్న ఎం81 లాగుడుకు లోనై గీతకు బాగా పైకి ఎగిరింది. ఇలా పైకి ఎగిరినవాటిని స్టార్‌బర్స్ట్ అంటారు.

ఇప్పుడు కొత్తేముంది అన్నదానికి వద్దాం. 2004లో బ్రింక్‌మన్ బృందం స్లోన్ సర్వే (లక్షల గెలాక్సీలను కొలిచిన ఆకాశ సర్వే) డేటాతో దగ్గరి గెలాక్సీలకు ఈ సంబంధాన్ని చూపించింది. 2007లో నోస్కే, ఎల్బాజ్, డాడీ బృందాలు దూరపు గెలాక్సీలకూ అదే రకం గీత ఉందని చూపించాయి. దానికి ముందు అందరూ అనుకున్నది వేరు. 1990ల చివర్లో హవాయిలో స్కూబా అనే కెమెరాతో దుమ్ము నిండిన దూరపు గెలాక్సీలు దొరికాయి, ఏటా వందల సూర్యులు పుట్టించేవి. మన దగ్గర్లో అంత వేగం ఉన్నవాటిని చూస్తే, ఉదాహరణకు 25 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలోని ఆర్ప్ 220, అవి రెండు గెలాక్సీలు ఢీకొన్నవి. కాబట్టి పాతకాలపు విశ్వమంతా ఢీకొట్టుకోవడాలే అయి ఉంటుందని, ఒక్కో గెలాక్సీ ఒక్కో భీకరమైన పేలుడులో తన నక్షత్రాలన్నీ పుట్టించేసి ఉంటుందని ఊహించారు.

గీత ఆ ఊహను తిరగేసింది. సుమారు 5 వేల కోట్ల సూర్యుల బరువున్న గెలాక్సీని తీసుకో. ఈ రోజుల్లో గీత మీద అది ఏటా 5 సూర్యులు పుట్టిస్తుంది. 800 కోట్ల ఏళ్ళ కిందట సుమారు 30. వెయ్యి కోట్ల ఏళ్ళ కిందట సుమారు 100. అంటే ఇప్పుడు ఢీకొంటే తప్ప రాని వేగం అప్పట్లో మామూలు గెలాక్సీకి మామూలు దినచర్య. పైగా గీత వెడల్పు చూడు, మూడింట రెండు వంతుల గెలాక్సీలు గీతకు రెట్టింపు, సగం మధ్యలోనే ఉంటాయి. ఢీకొట్టుకోవడాలే కారణమైతే ఒకటి పదింతలు పైన, ఒకటి పదింతలు కింద, ఇలా చెల్లాచెదురుగా ఉండాలి. అలా లేవు. కొత్త సంగతి గీత ఏటవాలుగా ఉండటం కాదు, సన్నగా ఉండటం, కాలంతో కిందికి దిగడం.

గద్వాల_కోట
ఇది అర్థమైంది సార్. థ్యాంక్స్.

తుంగతుర్తి_తమ్ముడు
మాస్టారు గారి పోస్టు స్క్రీన్‌షాట్ తీసుకున్నా. సెమినార్ సగం అయిపోయినట్టే ఉంది, మిగతా సగానికి చాయ్ బిస్కెట్ చాలు.

పాలమూరు_డేటా
నేను ఒప్పుకోను. నా ఉద్యోగమే డేటా, హాబీగా స్లోన్ డేటా దింపి ఈ గ్రాఫ్ సొంతంగా గీసి చూశాను. మూడు అభ్యంతరాలు ఉన్నాయి.

నక్షత్రాలు పుట్టించని వాటిని ముందే తీసేసి, మిగిలినవి చక్కగా గీత మీద ఉన్నాయి అంటున్నారు. ఎక్కడ కత్తిరించాలో నిర్ణయించేది మనమే కదా, కత్తిరింపు మారిస్తే గీత వాలు మారుతుంది, నేను మార్చి చూశాను, నిజంగా మారింది. ఇంకోటి, ద్రవ్యరాశి, పుట్టుక వేగం రెండూ ఒకే గెలాక్సీ ఒకే కాంతి నుంచి, ఒకే మోడల్ పెట్టి తీస్తారు, కాబట్టి ఒకదాని పొరపాటు రెండోదానిలోకి పాకుతుంది. అన్నిటికన్నా పెద్దది మూడోది. ద్రవ్యరాశి అంటే ఏంటి? ఇప్పటిదాకా పుట్టిన నక్షత్రాల మొత్తం. గతంలో వేగంగా పుట్టించినది బరువుగా ఉంటుంది, ఇప్పుడూ వేగంగానే పుట్టిస్తూ ఉండొచ్చు. కూడికకూ, కూడుతున్న అంకెకూ సంబంధం ఉండటం లెక్కల ధర్మం. 2014లో డేనియల్ కెల్సన్ అయితే పుట్టుక వేగం యాదృచ్ఛికంగా పైకీ కిందికీ పోతున్నా సరే, స్టాటిస్టిక్స్ వల్లనే ఇలాంటి గీత వచ్చేస్తుందని రాశాడు. ఫిజిక్స్ దాకా పోకముందే వచ్చే గీతను చూసి ఫిజిక్స్ కనిపెట్టామనడం ఎట్లా?

సూర్యాపేట_కోడర్
పాయింట్ ఉంది. మూడోది బలంగా ఉంది.

నల్లమల_చీకటి
మాస్టారూ, జవాబు మీదే.

దేవరకొండ_మాస్టారు
రెండోదానికి, మూడోదానికి నాకన్నా అచ్చంపేట_నింగి బాగా చెప్తుంది, రేడియో ఖగోళంలో పనిచేసిన మనిషి. అమ్మాయీ, తీరిక ఉంటే ఒకసారి రా.

ఉదయసముద్రం_గట్టు
ఈలోపు ఒక బేసిక్ ప్రశ్న. పుట్టుక వేగం, ద్రవ్యరాశి అసలు కొలిచేది ఎలా? అక్కడ ఒక్కో నక్షత్రం విడిగా కనిపించదు కదా.

దేవరకొండ_మాస్టారు
పెద్ద నక్షత్రాలు తక్కువ కాలం బతుకుతాయి. సూర్యుడికి 20 రెట్లు బరువున్నది కోటి ఏళ్ళలోపే అయిపోతుంది. అవి వేడిగా, అతినీలలోహిత కాంతిలో వెలుగుతాయి. కాబట్టి ఆ కాంతి కనిపిస్తోందంటే అక్కడ ఇటీవలే పుట్టుక జరిగింది. వాటి చుట్టూ ఉన్న హైడ్రోజన్ 6563 ఆంగ్‌స్ట్రామ్‌ల ఎర్ర గీతను వెలువరిస్తుంది, అది గత కోటి ఏళ్ళ లెక్క చెబుతుంది. అతినీల కాంతి గత పది కోట్ల ఏళ్ళ లెక్క. ద్రవ్యరాశికి సూర్యుడి లాంటివి, అంతకన్నా చిన్నవి కావాలి, వేల కోట్ల ఏళ్ళు బతికే చిన్న నక్షత్రాల్లోనే బరువంతా ఉంటుంది కనుక. వాటి కాంతి ఇన్‌ఫ్రారెడ్ వైపు తెలుస్తుంది.

చిక్కు దుమ్ముతో. పుట్టుక జరిగే చోటే దుమ్ము ఎక్కువ. అది అతినీల కాంతిని మింగి దూరపు ఇన్‌ఫ్రారెడ్‌లో వెనక్కి కక్కుతుంది. విశ్వ చరిత్రలో నక్షత్రాల కాంతి దాదాపు సగం ఇలా దుమ్ములో పడి రంగు మారిందే. అందుకే స్పిట్జర్, హెర్షెల్ లాంటి ఇన్‌ఫ్రారెడ్ టెలిస్కోపులు లేకుండా ఈ గ్రాఫ్ నమ్మదగ్గదిగా తయారయ్యేది కాదు.

గద్వాల_కోట
సార్, మన రంగాపూర్ అబ్జర్వేటరీలో ఇది చూడగలిగేవాళ్ళా? సాగర్ రోడ్డు వైపు పోతే ఉండేది కదా.

దేవరకొండ_మాస్టారు
జపాల్-రంగాపూర్‌లోది 48 అంగుళాల టెలిస్కోపు, ఉస్మానియాది. 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణం వచ్చినప్పుడు దేశమంతటి నుంచీ శాస్త్రవేత్తలు అక్కడికి వచ్చారు. మన నక్షత్రాల మీద మంచి పని చేసింది. కానీ వెయ్యి కోట్ల ఏళ్ళ నాటి గెలాక్సీలకు అది సరిపోదు. ఆ 6563 గీత మన దగ్గరికి వచ్చేసరికి విశ్వం వ్యాకోచం వల్ల సాగి సుమారు 2 మైక్రాన్లకు చేరుతుంది, కంటికి కనిపించని ఇన్‌ఫ్రారెడ్ అది. 8, 10 మీటర్ల అద్దాలో, అంతరిక్షంలో పెట్టిన టెలిస్కోపులో కావాలి.

అచ్చంపేట_నింగి
ఇప్పుడే చూశాను. పాలమూరు_డేటా అన్న మూడు అభ్యంతరాల్లో ఏదీ తీసిపారేసేది కాదు, పేపర్లలో కూడా ఇవే గొడవలు జరిగాయి. కానీ ముగింపు మాత్రం ఒప్పుకోను.

ఒకే కాంతి నుంచి రెండూ తీస్తారన్నది ముందు. పుట్టుక వేగాన్ని రేడియోలో విడిగా కొలవొచ్చు. పెద్ద నక్షత్రాలు పేలినప్పుడు పుట్టే వేగవంతమైన ఎలక్ట్రాన్లు అయస్కాంత క్షేత్రంలో తిరుగుతూ రేడియో వెలువరిస్తాయి, దుమ్ము దానికి అడ్డురాదు. ఒక్కో దూరపు గెలాక్సీ రేడియోలో కనిపించనంత మసకగా ఉంటే, ఒకే ద్రవ్యరాశి ఉన్న వందల వేల గెలాక్సీల చిత్రాలు ఒకదానిమీద ఒకటి పేర్చి సగటు తీస్తారు. ద్రవ్యరాశి ఇన్‌ఫ్రారెడ్ నుంచి, వేగం రేడియో నుంచి. అప్పుడూ అదే గీత, కాలంతో అదే దిగుడు. ఒకే మోడల్ తప్పు రెండు వైపులా పాకిందనడానికి అక్కడ దారి లేదు.

ఇక మూడోది, కూడిక సంగతి. సరే, అది మాత్రమే నిజం అనుకుని లెక్క వేద్దాం. ప్రతి గెలాక్సీ పుట్టినప్పటి నుంచీ ఒకే వేగంతో నక్షత్రాలు పుట్టిస్తోంది అనుకో. అప్పుడు ద్రవ్యరాశి = వేగం × వయసు. వేగాన్ని ద్రవ్యరాశితో భాగిస్తే 1/వయసు. వెయ్యి కోట్ల ఏళ్ళ కిందట విశ్వం వయసు 380 కోట్ల ఏళ్ళు, ఇప్పుడు 1380. వయసు దాదాపు నాలుగు రెట్లు అయింది, కాబట్టి గీత దాదాపు నాలుగు రెట్లు దిగాలి. మరి మాస్టారు పైన రాసిన అంకెలు చూడు, 100 నుంచి 5కి. ఇరవై రెట్లు. మిగతా అయిదు రెట్లు ఎక్కడికి పోయాయి? కూడిక దానికి జవాబు చెప్పదు. గ్యాస్ సరఫరా తగ్గింది, అదే జవాబు, అది ఫిజిక్సే.

పాలమూరు_డేటా
అక్కా, ఈ 4 రెట్లు, 20 రెట్ల లెక్క బాగుంది, ఇలా ఎవరూ చెప్పలేదు. కానీ గ్యాస్ తగ్గిందని ఎవరైనా నేరుగా చూశారా, లేక ఇదీ మోడలేనా?

అచ్చంపేట_నింగి
చూశారు. అణువుల రూపంలో ఉన్న గ్యాస్‌ను కార్బన్ మోనాక్సైడ్ సంకేతం ద్వారా ఫ్రాన్స్ ఆల్ప్స్‌లోని టెలిస్కోపుతో, తర్వాత చిలీలో 5 వేల మీటర్ల ఎత్తునున్న ఆల్మాతో కొలిచారు. 2010 నుంచి టాకోని బృందం చూపించింది ఏంటంటే, అప్పటి మామూలు గెలాక్సీల్లో నక్షత్రాలు, గ్యాస్ కలిపిన బరువులో మూడో వంతు నుంచి సగం దాకా ఈ గ్యాసే. ఇప్పటి పాలపుంత లాంటి వాటిలో పదో వంతు ఉంటే గొప్ప.

హైడ్రోజన్ పరమాణువుల గ్యాస్ ఇంకా కష్టం, 21 సెంటీమీటర్ల సంకేతం చాలా బలహీనం. అది మన దేశంలోనే జరిగింది. పుణె దగ్గర ఖొడద్‌లో 45 మీటర్ల వెడల్పున్న 30 డిష్‌లతో జీఎంఆర్‌టీ అనే రేడియో టెలిస్కోపు ఉంది. 2020లో అక్కడి బృందం 7,653 గెలాక్సీల సంకేతాలను పేర్చి, సుమారు 800 కోట్ల ఏళ్ళ కిందటి గెలాక్సీల్లో సగటున ఎంత హైడ్రోజన్ ఉందో మొదటిసారి కొలిచింది. గ్యాస్ పుష్కలంగా ఉంది, కానీ అప్పటి వేగానికి అది 100 నుంచి 200 కోట్ల ఏళ్ళకు మించి రాదు. బయటి నుంచి కొత్త గ్యాస్ అందకపోతే ఆ వేగం నిలబడదు. ఆ పని గురించి రాసేటప్పుడు నాకు ఇప్పటికీ ఒళ్ళు పులకరిస్తుంది, మన నేల మీది యాంటెన్నాలు అవి.

నల్లమల_చీకటి
దీని గురించి పేపర్లలో చదివా, ఇంత వివరంగా తెలియదు. సెమినార్‌లో ఇది తప్పకుండా పెట్టు తమ్మీ.

దేవరకొండ_మాస్టారు
ఇప్పుడు గీత ఎందుకు సన్నగా ఉంటుందో చెప్పడానికి వీలుంది. మన వైపు పిల్లలకు చెరువు పెట్టి చెప్తాను. వాగు నుంచి నీళ్ళు వస్తాయి, అది బయటి గ్యాస్. తూము నుంచి పొలానికి పోతాయి, అది నక్షత్రాల పుట్టుక. నిండితే మత్తడి దూకుతుంది, అది సూపర్‌నోవాలు, అంటే పేలే పెద్ద నక్షత్రాలు, గెలాక్సీ బయటికి ఊదేసే గ్యాస్. చెరువులో మట్టం పెరిగితే తూము జోరు పెరుగుతుంది, మట్టం తగ్గుతుంది. తగ్గితే తూము జోరు తగ్గుతుంది, మళ్ళీ మట్టం పెరుగుతుంది. ఎవరూ చూడకపోయినా తూము జోరు వాగు జోరు దగ్గరికి వచ్చి నిలబడుతుంది. గెలాక్సీ ఒకసారి గీతకు పైకి పోయినా, కిందికి పోయినా మళ్ళీ గీత దగ్గరికే వస్తుంది. వాగు జోరు విశ్వం వయసుతో తగ్గుతూ వచ్చింది, సిమ్యులేషన్ల ప్రకారం వెయ్యి కోట్ల ఏళ్ళలో పది రెట్లకు పైగా. దానితోపాటు గీత దిగింది.

సాగర్_ఎడమకాల్వ
నేను సైన్స్ చదవలేదు సార్, వ్యవసాయం. చెరువు మాట వచ్చింది కాబట్టి అడుగుతున్నా. మత్తడి దూకిన నీళ్ళు కింది చెరువుకు పోతాయి, మళ్ళీ పై చెరువుకు రావు. పొలానికి పోయినవీ రావు. గెలాక్సీలో కూడా అంతేనా?

దేవరకొండ_మాస్టారు
చాలా బాగా అడిగారు. అక్కడే తేడా. గెలాక్సీ నుంచి ఎగిరిన గ్యాస్‌లో కొంత దాని ఆకర్షణ దాటలేక కొంతకాలానికి వెనక్కి పడుతుంది. నక్షత్రాలుగా మారిన గ్యాస్ కూడా అంతా బందీ కాదు, పెద్దవి చనిపోయేటప్పుడు, మధ్యరకంవి పొరలు వదిలేటప్పుడు సుమారు 40 శాతం తిరిగి గ్యాస్‌గా వస్తుంది. ఇది లెక్కలోకి తీసుకోకపోతే ద్రవ్యరాశి తప్పుగా వస్తుంది.

సాగర్_ఎడమకాల్వ
మరి చిన్న గెలాక్సీల నుంచి ఎక్కువ ఎగిరిపోతుందా, పెద్దవాటి నుంచా?

అచ్చంపేట_నింగి
చిన్నవాటి నుంచి ఎక్కువ అన్నా, వాటి ఆకర్షణ బలహీనం కదా.

తుంగతుర్తి_తమ్ముడు
గెలాక్సీల నుంచి చెరువుల దాకా వచ్చాం. ఇంకో నాలుగు పోస్టులకు మిషన్ కాకతీయ పూడికతీత దగ్గర తేలుతాం.

పాలమూరు_డేటా
మొదటి అభ్యంతరానికి ఇంకా ఎవరూ జవాబు చెప్పలేదు. కత్తిరింపు. పెద్ద ద్రవ్యరాశి వైపు గీత వంగి చదును అవుతుందని కొందరు, తిన్నగానే పోతుందని కొందరు గీస్తున్నారు. ఒకే విశ్వం, ఒకే గెలాక్సీలు. ఇది కత్తిరింపు వల్ల కాకపోతే దేనివల్ల?

అచ్చంపేట_నింగి
కొంత కత్తిరింపు వల్లే, అది కాదనను. అతినీల కాంతి బాగున్నవే ఎంచుకుంటే పని ఆపే దశలో ఉన్నవి జారిపోతాయి, గీత నిటారుగా కనిపిస్తుంది. కొంచెం మందకొడివి కూడా చేరిస్తే సుమారు 3 వేల కోట్ల సూర్యుల దగ్గర వంగుతుంది. కానీ అది పూర్తి కథ కాదు. పెద్ద గెలాక్సీల మధ్యలో ముసలి నక్షత్రాల ఉబ్బు ఉంటుంది. దాని బరువు మొత్తంలో కలుస్తుంది కానీ అక్కడ కొత్తవి పుట్టవు. ఉబ్బును పక్కనపెట్టి చుట్టూ ఉన్న పళ్ళెం బరువు మాత్రమే అడ్డంగా తీసుకుంటే దగ్గరి గెలాక్సీల్లో వంపు చాలావరకు పోతుందని 2014లో చూపించారు. అంటే వంపు కూడా ఒక సమాచారమే, గెలాక్సీ లోపల ఎక్కడ పని నడుస్తోందో, ఎక్కడ ఆగిందో చెబుతోంది.

పాలమూరు_డేటా
ఇది నాకు నచ్చింది, స్లోన్‌లో ఉబ్బు, పళ్ళెం విడదీసిన క్యాటలాగ్ పెట్టి చూస్తా. అయినా ఒక మాట మీద నిలబడతా: వాలు ఎంత అని ఎవరైనా ఒకే అంకె చెబితే నమ్మొద్దు. 0.6 నుంచి 1 దాకా అన్నీ పేపర్లలో ఉన్నాయి.

దేవరకొండ_మాస్టారు
అవును. అయితే చాలా కొలతల్లో 1 కన్నా తక్కువే. దాని అర్థం గమనించాలి. వాలు 0.75 అనుకుంటే పది రెట్లు బరువైన గెలాక్సీ పది రెట్లు పుట్టించదు, ఐదారు రెట్లే. తన బరువుతో పోల్చుకుంటే పెద్దది నిదానంగా, చిన్నది చురుగ్గా పెరుగుతోంది. వెయ్యి కోట్ల ఏళ్ళ కిందట 5 వేల కోట్ల సూర్యుల గెలాక్సీ ఏటా 100 పుట్టిస్తే 50 కోట్ల ఏళ్ళలో రెట్టింపు కావాలి. అంత వేగం ఎంతోకాలం సాగలేదు, సాగి ఉంటే ఈరోజు ఆకాశంలో ఊహకందనంత పెద్దవి ఉండేవి. ఏదో ఒకటి వాటిని ఆపింది.

గద్వాల_కోట
ఏం ఆపింది సార్?

దేవరకొండ_మాస్టారు
రెండు మూడు కారణాలు కలిసి. గెలాక్సీ చుట్టూ ఉన్న కనిపించని పదార్థం బరువు లక్ష కోట్ల సూర్యులు దాటితే లోపలికి పడే గ్యాస్ ఢీకొని లక్షల డిగ్రీలకు వేడెక్కుతుంది, చల్లబడి కిందికి దిగదు. దాని పైన మధ్యలోని కృష్ణబిలం. పెర్సియస్ అనే గెలాక్సీల గుంపులోని పెద్ద గెలాక్సీ చుట్టూ కృష్ణబిలం జెట్లు వేడి గ్యాస్‌లో తొలిచిన బుడగలు చంద్రా అనే ఎక్స్‌రే టెలిస్కోపు చిత్రాల్లో స్పష్టంగా ఉన్నాయి. గ్యాస్‌ను చల్లబడనివ్వకుండా అది కాపలా కాస్తున్నట్టే. చిన్న గెలాక్సీలు పెద్ద గుంపులో పడితే వాటి గ్యాస్ ఊడ్చుకుపోవడం ఇంకో దారి. ఏది ముఖ్యం అన్నదాని మీద ఇంకా వాదన నడుస్తోంది.

కొల్లాపూర్_మామిడి
జేమ్స్ వెబ్ టెలిస్కోపు వచ్చాక ఇదంతా తలకిందులైందని యూట్యూబ్‌లో అంటున్నారు. మొదటి గెలాక్సీలు ఉండాల్సినదానికన్నా పెద్దవిగా ఉన్నాయట. గీత ఇంకా ఉందా?

అచ్చంపేట_నింగి
గీత ఉంది, తలకిందులు కాలేదు. 2023లో చాలా బరువైన తొలి గెలాక్సీలు దొరికాయని వచ్చింది. తర్వాత చూస్తే వాటిలో కొన్నింటి కాంతిలో కృష్ణబిలం వాటా కూడా ఉందని, అంత బరువు లేకపోవచ్చని తేలింది. ద్రవ్యరాశి కాంతి నుంచి తీస్తాం కాబట్టి ఆ కాంతి నక్షత్రాలదేనా అన్నది ముందు తేల్చుకోవాలి. ఇంకో సంగతి, కొత్త నక్షత్రాలు కొన్నే ఉన్నా ధగధగా వెలిగి కింద ఉన్న ముసలివాటిని కనబడనివ్వవు, అప్పుడు బరువు తక్కువగా కూడా రావచ్చు. రెండు వైపులా జాగ్రత్త అవసరం.

వెబ్ నిజంగా చూపించిన కొత్త విషయం చిన్న గెలాక్సీల్లో ఉంది. మొదటి వంద కోట్ల ఏళ్ళలో అవి ఆగుతూ ఎగురుతూ నడిచాయి. కొంతకాలం జోరుగా పుట్టించడం, ఆ పేలుళ్ళకే గ్యాస్ చెదిరి ఆగిపోవడం, మళ్ళీ మొదలు. బిగ్ బ్యాంగ్ తర్వాత 70 కోట్ల ఏళ్ళకే పని ఆగిపోయి కనిపించిన చిన్న గెలాక్సీ ఒకటి 2024లో ప్రచురించారు. కాబట్టి అక్కడ గీత సన్నగా ఉండదు, బాగా వెడల్పు. మాస్టారి చెరువు లెక్కలో మట్టం కుదురుకునే సమయమే దొరకలేదు వాటికి.

కొల్లాపూర్_మామిడి
ఇది యూట్యూబ్‌లో ఎవరూ చెప్పలేదు అక్కా.

నల్లమల_చీకటి
మరి ఢీకొట్టుకోవడాలకు అసలు పాత్ర లేదా? ఎం82 సంగతేంటి?

దేవరకొండ_మాస్టారు
ఉంది, కానీ కొద్దిగా. వెయ్యి కోట్ల ఏళ్ళ కిందటి గెలాక్సీల్లో గీతకు నాలుగు రెట్లకన్నా పైన ఉన్నవి ఎన్ని అని 2011లో హెర్షెల్ డేటాతో లెక్క తీశారు. నక్షత్రాలు పుట్టిస్తున్న పెద్ద గెలాక్సీల్లో అవి 2 శాతమే. అప్పటి మొత్తం పుట్టుకలో వాటి వాటా సుమారు 10 శాతం. మిగతా 90 శాతం గీత మీద నెమ్మదిగా నడిచిన మామూలువి చేసిన పని.

ఉదయసముద్రం_గట్టు
సెమినార్‌లో ఈ 90 శాతం మాటతో మొదలుపెడతా సార్. గీత నేనే గీసి చూపించాలని ఉంది, ఇప్పటిదీ పాతదీ పక్కపక్కన. డేటా ఎక్కడ దొరుకుతుంది? లాగిన్, ఫీజు ఏమైనా ఉంటుందా?

సూర్యాపేట_కోడర్
ఫీజు లేదు. స్లోన్ సర్వే స్కైసర్వర్ అని కొట్టు. ఎస్‌క్యూఎల్ వస్తే చాలు. గాల్‌స్పెక్‌ఎక్స్‌ట్రా అనే టేబుల్‌లో ద్రవ్యరాశి, పుట్టుక వేగం రెండూ రెడీగా ఉంటాయి, రెండూ లాగరిథమ్‌లో. మొత్తం దింపితే ల్యాప్‌టాప్ మొరాయిస్తుంది, రెడ్‌షిఫ్ట్ (కాంతి ఎంత సాగిందో చెప్పే అంకె, దూరానికి గుర్తు) 0.1 లోపు పెట్టి కొంత శాంపిల్ తీసుకో.

పాలమూరు_డేటా
విలువ లేని చోట మైనస్ 9999 ఉంటుంది, ముందు అవి తీసెయ్, లేకపోతే గ్రాఫ్ మొత్తం మూలకు పోతుంది. నా కత్తిరింపు గొడవ కూడా ఒక స్లైడ్‌లో పెట్టు: అన్ని గెలాక్సీలు ఒక బొమ్మలో, పుట్టిస్తున్నవి మాత్రం ఒక బొమ్మలో. తేడా చూసినవాళ్ళే ప్రశ్నలు అడుగుతారు, అప్పుడు చర్చ బాగుంటుంది.

అచ్చంపేట_నింగి
ఆ టేబుల్ దగ్గరి గెలాక్సీలకే తమ్ముడూ, పాతకాలానికి పనికిరాదు. దూరపువాటికి త్రీడీ-హెచ్‌ఎస్‌టీ క్యాటలాగ్ దింపుకో, అదీ ఉచితమే, హబుల్ లోతుగా చూసిన ఐదు ఆకాశ ముక్కలది. అందులో రెడ్‌షిఫ్ట్ కొన్నింటికి వర్ణపటం నుంచి కొలిచింది, చాలావాటికి రంగులనుబట్టి వేసిన అంచనా. ఏది ఏదో చెప్పే కాలమ్ ఉంటుంది, ముందు అది చూసుకో. తక్కువ బరువు వైపు మసకవి దొరకనే దొరకవు, కాబట్టి డేటా ఎంత బరువు దాకా సంపూర్ణంగా ఉందో ఆ హద్దు దగ్గర నిలువు గీత ఒకటి గీసి, దానికి ఎడమవైపు పాయింట్లను వాలు లెక్కలో కలపకు. గ్రాఫ్ అయ్యాక ఇక్కడ పెట్టు, చూస్తాం.